చెవి అందే దాకా

(డల్లాస్ ప్రాంతపు తెలుగు కమ్యూనిటీ రేడియోలో ఆదివారం ఉదయం కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

ఇడ్లీలు తింటూ వింటున్నవాళ్ళూ, పిల్లల్ని సాకర్‌కో డాన్స్ క్లాసుకో తీసుకెళ్తూ కార్లో వింటున్నవాళ్ళూ ఉన్నారు. ఇవాళ కార్లో ఉన్నవాళ్ళు కొంచెం ఎక్కువ శ్రద్ధగా వినండి, ఎందుకంటే మాట్లాడబోయేది వెనక సీట్లో కూర్చున్నవాళ్ళ గురించే.

పోయినసారి నేను మాట్లాడాక మూడు ఫోన్లు వచ్చాయి. మొదటిది ఒక తల్లి. వాళ్ళ బాబుకి 13 నెలలు. ఇంకా నడవట్లేదు. స్నేహితురాలి పాప 10 నెలలకే నడిచేసిందట. “నేనే సరిగ్గా నేర్పించట్లేదేమోనండీ” అని ఆవిడ బాధ. రెండోది ఒక నాన్నగారు. పదమూడేళ్ళ కొడుకు నిరుటి దాకా చక్కగా బౌలింగ్ చేసేవాడు, ఈ ఏడు బంతి ఎటు పోతుందో తెలియట్లేదు, చేతిలో పడ్డ క్యాచ్‌లు వదిలేస్తున్నాడు. “ఫోన్ పిచ్చి ఎక్కువై శ్రద్ధ పోయిందండీ” అన్నారు. మూడోది ఒక అమ్మమ్మగారు. నాలుగేళ్ళ మనవరాలు తెలుగు అక్షరాలు రాయమంటే పెన్సిల్ విసిరేస్తోంది.

మూడు ఇళ్ళు, మూడు వయసులు. జవాబు మాత్రం ఒకటే అనిపించింది. ఒక పని రావాలంటే నేర్పేవాళ్ళుంటే సరిపోదు, నేర్చుకునే ఒళ్ళు దానికి సిద్ధంగా ఉండాలి. ఈ మాట చెప్పడం సులువు, నమ్మడం కష్టం. ఇరవై ఏళ్ళకు పైగా పిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పని చేస్తున్న నేనే మా ఇంట్లో దీన్ని నమ్మలేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఒక పాత జ్ఞాపకం. నన్ను మా ఊరి బడిలో చేర్చడానికి నాన్నగారు తీసుకెళ్ళినప్పుడు హెడ్మాస్టరు గారు పుట్టినతేదీ కాయితం అడగలేదు. అలాంటివి అప్పట్లో చాలా ఇళ్ళల్లో ఉండేవి కావు. “కుడిచెయ్యి తల మీంచి తీసుకెళ్ళి ఎడమ చెవి పట్టుకో” అన్నారు. నాకు అందలేదు. “వచ్చే ఏడు తీసుకురండి” అన్నారు. ఈ పరీక్ష మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంటికొచ్చి రోజూ అద్దం ముందు నిలబడి, మెడ వంచి, చెయ్యి సాగదీసి ప్రయత్నించేదాన్ని. ఎంత సాధన చేసినా వేళ్ళు చెవి దాకా వెళ్ళలేదు. తర్వాత ఆ ఆట మర్చిపోయాను. మర్చిపోయిన కొన్ని నెలలకి, ఓ రోజు జడ వేయించుకుంటూ చెయ్యి అటు పోనిస్తే చెవి చేతికొచ్చింది!

అది ఎలా జరిగింది? పుట్టినప్పుడు బిడ్డ పొడుగులో దాదాపు నాలుగో వంతు తలే ఉంటుంది. పెద్దయ్యేసరికి అది సుమారు ఎనిమిదో వంతు. అంటే పుట్టాక తల కొద్దిగా పెరుగుతుంది, కాళ్ళూ చేతులూ చాలా పెరుగుతాయి. ఆ నిష్పత్తి మారినప్పుడు చెవి అందుతుంది. దానికి నా సాధనతో పని లేదు. ఆ పరీక్ష మంచిదని చెప్పడం లేదండి, దానివల్ల తెలివైన పిల్లలు కూడా ఏడాది వెనకబడ్డారు. కానీ వయసు లెక్క వేరు, ఒంటి లెక్క వేరు అన్న సంగతి మాత్రం ఆ హెడ్మాస్టరు గారికి తెలుసు.

ఇప్పుడు మొదటి ఫోన్ దగ్గరికి వద్దాం. పసిపిల్ల ఒంటి మీద అదుపు తల నుంచి కిందికి దిగుతుంది. ముందు మెడ నిలుస్తుంది, తర్వాత బోర్లా పడుతుంది, నడుము నిలిచి కూర్చుంటుంది, ఆఖరికి కాళ్ళ మీద నిలబడుతుంది. అలాగే మధ్య నుంచి అంచులకి కూడా వెళ్తుంది. భుజం ముందు, మోచెయ్యి తర్వాత, వేళ్ళు చివర. మెదడు నుంచి కండరాలకి వెళ్ళే నరాల మీద మైలిన్ అనే పూత పడుతూ ఉంటుంది, కరెంటు తీగ మీద తొడుగు లాగా. ఆ పూత పడే కొద్దీ కబురు వేగంగా, తప్పిపోకుండా వెళ్తుంది. దానికి తోడు కాలి కండకి బలం రావాలి. పెద్ద తల వల్ల బరువంతా పైన ఉంటుంది కాబట్టి తూలిపోకుండా ఆపుకోవడం రావాలి. ఇవన్నీ కలిసిన రోజున అడుగు పడుతుంది.

మన ఇళ్ళల్లో దీనికి ఎంత చక్కని ముచ్చట ఉందో చూడండి. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. ఊరిని బట్టి, ఇంటిని బట్టి పిండివంటలు మారచ్చు. కానీ గమనించారా, ఇందులో వరస ఉంది, తేదీ లేదు. ఫలానా నెలలో అడుగు వెయ్యకపోతే అరిసెలు లేవని ఏ నాయనమ్మా అనలేదు. బిడ్డ అడుగు వేసిన రోజే పాకం పట్టేవాళ్ళు. తేదీలు మనం వాట్సాప్ గ్రూపుల్లో తెచ్చి పెట్టుకున్నాం.

తేదీలే కావాలంటే అవీ చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని గమనించి 2006లో లెక్కలు ప్రచురించింది. ఏ ఆధారం లేకుండా కూర్చోవడం సుమారు 4 నెలల నుంచి 9 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఒంటరిగా నడవడం 8 నెలల నుంచి 17 నెలలు దాటే దాకా ఎప్పుడైనా రావచ్చు. అంటే నడకకి దాదాపు తొమ్మిది నెలల వెసులుబాటు ఉంది. ఇంకో విశేషం, నూటికి నలుగురు పిల్లలు చేతులూ మోకాళ్ళ మీద పాకకుండానే నడిచేశారు. కాబట్టి తల్లీ, మీ బాబు 13 నెలల్లో నడవకపోవడం మీ తప్పూ కాదు, వాడి తప్పూ కాదు.

మరి మనం నేర్పితే తొందరగా రాదా? దీని మీద ఒక పాత ప్రయోగం ఉంది. 1929లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్నాల్డ్ గెసెల్, హెలెన్ థాంప్సన్ అనే ఇద్దరు కవల ఆడపిల్లలతో చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. ఒక పాపకి 46 వారాల వయసు నుంచి ఆరు వారాల పాటు మెట్లెక్కడం నేర్పించారు. రెండో పాపకి ఏమీ నేర్పలేదు. 53 వారాలప్పుడు రెండో పాపని మెట్ల దగ్గర వదిలితే, శిక్షణ లేకుండానే ఎక్కేసింది! ఆ తర్వాత రెండు వారాలు మాత్రం నేర్పితే అక్కతో సమానమైపోయింది. ముందు ఆరు వారాల కష్టం, తర్వాత రెండు వారాల ఆటకి సమానమైందన్నమాట.

అయితే ఇది విని “సరే, దానంతటదే వస్తుంది” అని చేతులు కట్టుకుని కూర్చోకండి. ఒక జత కవలలతో మొత్తం తేలిపోదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కారెన్ అడాల్ఫ్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనం చూడండి. 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటుంటే అడుగులు లెక్కపెట్టారు. సగటున గంటకి 2,368 అడుగులు, 17 సార్లు పడటం! ఎవరైనా నేర్పారా? లేదు. ఒళ్ళు సిద్ధమైన పిల్ల తనే సాధన చేస్తుంది. మనం చెయ్యాల్సింది చోటు ఇవ్వడం. నేల మీద వదలండి. మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కనుండగా, బోర్లా పడుకోబెట్టండి. నిద్రకి మాత్రం వెల్లకిలానే. కారు సీటు, స్ట్రోలర్, ఊగే కుర్చీ, వీటిల్లో గంటలు గంటలు కట్టేసి ఉంచకండి.

ఇంకో మాట, చక్రాల మధ్య కూర్చోబెట్టే బేబీ వాకర్ కొనకండి. అది నడక తొందరగా నేర్పదు. మెట్ల మీంచి దొర్లి పిల్లలకి తలలు పగులుతున్నాయని కెనడా 2004లో వాటిని నిషేధించింది. మన వైపు కర్రతో చేసిన మూడు చక్రాల బండి ఉండేది గుర్తుందా? దాంట్లో పిల్ల కూర్చోదు, తన కాళ్ళ మీద తను నిలబడి తోసుకుంటూ వెళ్తుంది. రెంటికీ తేడా అదే. దాంతో అయినా మనం పక్కనుండాలి, మెట్ల దగ్గరికి పోనివ్వకూడదు.

ఇప్పుడు అమ్మమ్మగారి ప్రశ్న. ఇక్కడే నా సంగతి చెప్పాలి.

మా అమ్మాయికి మూడున్నరేళ్ళు. ఇక్కడ పుట్టిన పిల్ల, తెలుగు ఎక్కడ పోతుందోనని నాకు భయం. సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, గీతల పుస్తకం ఇచ్చి, పెన్సిల్ పట్టించి ‘అ’ రాయించేదాన్ని. గీత దాటితే చెరిపి మళ్ళీ. చెయ్యి నొప్పి అనేది. వంక అనుకున్నాను. పగలంతా క్లినిక్కులో వేరేవాళ్ళ అమ్మానాన్నలకి “తొందరపెట్టకండి” అని చెప్పి, ఇంటికొచ్చి నేను చేసింది ఇది. చదివిందంతా ఊళ్ళోవాళ్ళ పిల్లల కోసం, నా పిల్ల కోసం కాదనుకున్నాను కాబోలు.

ఆ చేతిలో ఏముందో చెబుతాను వినండి. మన మణికట్టులో చిన్న చిన్న ఎముకలు ఎనిమిది ఉంటాయి. పుట్టిన బిడ్డ చేతిని ఎక్స్‌రే తీస్తే అవేవీ కనిపించవు, అప్పటికి అవి మెత్తటి మృదులాస్థి. మొదటి రెండూ పుట్టిన కొన్ని నెలలకి కనిపిస్తాయి. తర్వాత ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే గట్టిపడుతూ, చివరిది సుమారు 9 నుంచి 12 ఏళ్ళ మధ్య కనిపిస్తుంది. అందుకే పిల్లల ఒంటి వయసు చూడాలంటే డాక్టర్లు ఎడమ చేతి ఎక్స్‌రే తీస్తారు. రాత ఎముకలతోనే రాదనుకోండి. అరచేతిలో చిన్న కండరాలకి బలం రావాలి, భుజం కదలకుండా నిలవాలి, కన్నూ చెయ్యీ కలిసి పనిచెయ్యాలి. మామూలుగా మూడేళ్ళ పిల్లలు చూసి సున్న గీస్తారు. కూడిక గుర్తు నాలుగేళ్ళ చుట్టూ వస్తుంది. త్రికోణం రావడానికి ఐదేళ్ళు పడుతుంది. మన ‘అ’ ఏమిటి మరి? సున్న చుట్టి, మధ్యలో ఆగి, వెనక్కి తిరిగి, మళ్ళీ ఒంపు. మూడున్నరేళ్ళ చేతికి అది చిన్న కొండ ఎక్కడమే.

ఆ ఏడు మా అత్తగారు ఆరు నెలలుండటానికి వచ్చారు. ఓ వారం నా పాఠాలు చూసి, నాతో ఏమీ అనకుండా, ఓ పళ్ళెంలో బియ్యం పోసి పిల్ల ముందు పెట్టారు. వేలితో పెద్ద పెద్ద సున్నలు. పొద్దున్నే వెనక పేటియో మీద ముగ్గు. ముందు పిండి చల్లడం, తర్వాత చుక్కలు, తర్వాత చుక్క చుట్టూ చుట్టడం. చపాతీ పిండి పిసకడం, బఠాణీలు ఒలవడం. “చెయ్యి తిరగనీ అమ్మా, రాత ఎక్కడికి పోతుంది” అన్నారు ఒక్కసారి, అంతే.

అప్పుడు నాకు తట్టింది. అక్షరాభ్యాసంలో పిల్ల చేతికి పెన్సిలూ గీతల కాయితమూ ఇవ్వరు. బియ్యంలో వేలితో, పెద్ద చెయ్యి పట్టుకుని రాయిస్తారు. ఆ తర్వాత ఇసకలో, ఆ తర్వాత పలక మీద బలపంతో. భుజం కదిలే రాత ముందు, వేళ్ళు కదిలే రాత ఆఖర్న. ఆ వరస ఒంటి వరసే.

ఆరేళ్ళు నిండాక మా అమ్మాయి నాలుగు వారాల్లో అక్షరాలన్నీ పట్టేసింది. కథ ఇక్కడ సుఖాంతం అని చెప్పాలనుంది కానీ, నిజం చెప్పాలి. ఇప్పుడు తను పెద్దదయింది, తెలుగు బాగా మాట్లాడుతుంది, రాయడం మాత్రం ఇష్టపడదు. ఓసారి అడిగితే “నాకు ఆ టేబులే గుర్తొస్తుందమ్మా” అంది. అక్షరాలు ఆలస్యమైతే వస్తాయండి. వాటి మీద పుట్టిన భయం పోవడమే కష్టం.

అందుకే తెలుగు బడిలో నా దగ్గరికి వచ్చే నాలుగేళ్ళ పిల్లలకి పాటలు, కథలు, బియ్యం పళ్ళెం, ముగ్గు, ఉండలు చెయ్యడం, కత్తెరతో కాయితం కత్తిరించడం మాత్రమే. ఐదు దాటాక ముందు సున్న, తర్వాత సున్న ఆకారం ఉన్న ‘ర’, ‘ఠ’ లాంటివి. ‘అ’ దగ్గరికి తీరిగ్గా వస్తాం. అమ్మమ్మగారూ, మీ మనవరాలు పెన్సిల్ విసిరేస్తే ఇప్పటికి తియ్యనివ్వండి. నోటితో నేర్పండి, దానికి వయసు అడ్డు లేదు.

ఇక క్రికెట్ నాన్నగారు. ఆయన్ని ఒక ప్రశ్న అడిగాను. “ఏడాదిలో అబ్బాయి ఎంత పొడుగయ్యాడు?” మూడు అంగుళాల పైనే అన్నారు. బూట్లు రెండుసార్లు మార్చారట. జవాబు అందులోనే ఉంది.

ఆడపిల్లలు సుమారు 12 ఏళ్ళకి, మగపిల్లలు సుమారు 14 ఏళ్ళకి అందరికంటే వేగంగా ఎదుగుతారు. కొందరు రెండేళ్ళు ముందు, కొందరు రెండేళ్ళు వెనక. ఈ పెరుగుదలకీ వరస ఉంది, కాకపోతే ఈసారి తలకిందులు. ముందు పాదాలు, చేతులు, తర్వాత కాళ్ళు, ఆఖర్న మొండెం. పొడుగు ముందొస్తుంది, దానికి తగ్గ కండబలం కొన్ని నెలలు ఆగి వస్తుంది. ఈలోగా మెదడు దగ్గరున్నవి పాత కొలతలు. చెయ్యి ఎంత దూరం పోతుందో, బంతి ఎప్పుడు వదలాలో నిరుటి లెక్క ప్రకారం చెబుతుంది. చెయ్యేమో ఈ ఏటిది. అందుకే గ్లాసులు పగులుతాయి, గుమ్మాలు తగులుతాయి, క్యాచ్‌లు జారతాయి. పిల్లలందరికీ ఇలా అవదు, అయినవాళ్ళకి కూడా ఇది కొన్ని నెలల ముచ్చటే. కూచిపూడి, భరతనాట్యం నేర్చుకునే ఆడపిల్లలకి పదకొండు, పన్నెండేళ్ళప్పుడు అరమండి కుదరకపోవడం, తిరిగేటప్పుడు తూలడం కూడా చాలాసార్లు ఇదే. సరిగ్గా ఆ ఏడే చాలామంది మానేస్తారు, “నాకు రాదు” అనుకుని. రాకపోవడం కాదమ్మా, నీ ఒళ్ళు కొత్తది, దాన్ని మళ్ళీ పరిచయం చేసుకుంటున్నావు అని ఎవరో ఒకరు చెప్పాలి.

ఇంకో జాగ్రత్త. ఆ వయసులో ఎముకల చివర పెరిగే చోటు మెత్తగా ఉంటుంది. మోకాలి కింద, మడమ వెనక నొప్పి అంటే నాటకం అనుకోకండి. ఒకే దెబ్బ, ఒకే విసురు వందలసార్లు పడితే అక్కడ దెబ్బతింటుంది. అందుకే లిటిల్ లీగ్ బేస్‌బాల్ 2007లో విసిరే బంతులకి పరిమితి పెట్టింది. 11, 12 ఏళ్ళ పిల్లలకి రోజుకి 85. మన క్రికెట్ నాన్నలు కూడా నెట్స్‌లో బంతులు లెక్కపెట్టండి.

పోలిక గురించి ఒక్క మాట. మన టెక్సాస్‌లో సెప్టెంబర్ 1 నాటికి ఐదేళ్ళు నిండితే కిండర్‌గార్టెన్. ఆగస్టులో పుట్టిన పిల్ల, అంతకుముందు సెప్టెంబర్లో పుట్టిన పిల్ల ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఇద్దరికీ దాదాపు ఏడాది తేడా, అంటే చిన్నదాని జీవితంలో ఐదో వంతు! కెనడాలో రోజర్ బార్న్స్‌లీ బృందం 1985లో గమనించింది, పెద్ద స్థాయి ఐస్ హాకీ ఆటగాళ్ళల్లో జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుట్టినవాళ్ళే ఎక్కువ. అక్కడ వయసు లెక్క జనవరి 1తో మొదలవుతుంది కాబట్టి. పెద్దగా కనిపించిన పిల్లల్ని ప్రతిభ అనుకుని ఎంచారు, వాళ్ళకే మంచి కోచ్ దొరికాడు. మిగిలినవాళ్ళు ఎంతమంది ఇంటికి పోయారో! పన్నెండేళ్ళకి టీములో చోటు రాని బక్కపిల్లాడు పదహారుకి అందర్నీ మించచ్చు, అప్పటిదాకా ఆటలో ఉండనిస్తే.

ఇంతసేపూ ఆగమన్నాను. ఎప్పుడు ఆగకూడదో కూడా చెప్పి ముగిస్తాను. దయచేసి కాయితం తీసుకోండి. 18 నెలలు నిండినా పట్టుకోకుండా నడవకపోతే, డాక్టరుకి చూపించండి. ఏడాదిలోపే ఒక చేతినే వాడుతూ రెండో చేతిని పిడికిలి బిగించి వదిలేస్తే, చూపించండి. వచ్చిన పని మళ్ళీ పోతే, ఏ వయసులోనైనా వెంటనే చూపించండి. మూడు, నాలుగేళ్ళ పిల్లాడు నేల మీంచి లేవడానికి తన తొడల మీద చేతులు వేసుకుంటూ పైకి పాకుతున్నట్టు లేస్తే, అది బద్ధకం కాదు, చూపించండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి రెండేళ్ళ దాకా అసలు పుట్టాల్సిన తేదీ నుంచి లెక్క వెయ్యండి.

మూడేళ్ళలోపు పిల్లలైతే ప్రతి రాష్ట్రంలోనూ ఎర్లీ ఇంటర్వెన్షన్ కార్యక్రమం ఉంది. పరీక్ష ఉచితం, డాక్టరు చీటీ లేకుండా మీరే ఫోన్ చెయ్యచ్చు. మూడు నిండితే మీ ప్రాంతపు పబ్లిక్ స్కూలు వాళ్ళని అడగండి, పిల్ల ఇంకా బడికి వెళ్ళకపోయినా సరే. “నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో” అని ఏడాది పోగొట్టుకున్న కుటుంబాల్ని నేను చూశాను. ఆ ఏడాది తిరిగి రాదండి.

మిగిలినవాళ్ళంతా ఒక పని చెయ్యండి. ఇవాళ ఇంటికెళ్ళాక మీ పిల్లల్ని నిలబెట్టి, చెయ్యి తల మీంచి తీసుకెళ్ళి చెవి పట్టుకోమనండి. అందితే నవ్వండి. అందకపోతే ఇంకా బాగా నవ్వండి, ఆ వయసు మళ్ళీ రాదు.

13 నెలల బాబు తల్లీ, బియ్యప్పిండి, బెల్లం ఇంట్లో ఉంచుకోండి. అరిసెలు వండిన రోజు మాకూ ఓ ఫోన్ చెయ్యండి.

సెలవు.